సెయింట్ జాన్‌లో ఓడ దిగండి, రోజుకు రెండుసార్లు వెనక్కి పారే నది ఉంది

హాయ్ అండీ అందరికీ! మీ స్క్రీన్ నిండా కనిపిస్తున్న ఈ తెల్లదనం కెమెరా ప్రాబ్లమ్ అనుకోకండి, అదంతా పొగమంచు. దాని వెనకాల కెనడాలోని సెయింట్ జాన్ అనే ఊరుంది. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో, బే ఆఫ్ ఫండీ అనే అఖాతం ఒడ్డున ఉంటుంది. న్యూఫౌండ్లాండ్‌లో సెయింట్ జాన్స్ అని ఇంకో ఊరుంది, మ్యాప్‌లో వెతికేటప్పుడు పొరపాటున అది టైప్ చేయకండి.

న్యూజెర్సీలో బేయాన్ దగ్గర క్రూజ్ ఓడెక్కి కెనడా వైపు వెళ్ళే ట్రిప్పుల్లో ఎక్కువగా తగిలే పోర్టులు హాలిఫాక్స్, సెయింట్ జాన్. హాలిఫాక్స్ గురించి అందరూ చెప్తారు. సెయింట్ జాన్ మాటెత్తితే మాత్రం న్యూజెర్సీలోని మన ఎడిసన్ ఫ్రెండ్స్ అంతా ఒకటే మాట: "అక్కడేముందండీ, ఆ రోజు ఓడలోనే ఉండిపోండి, అందరూ దిగిపోతారు కాబట్టి పూల్ ఖాళీగా ఉంటుంది." మా ఆయన ఆల్రెడీ ఆ పార్టీలో చేరిపోయారు. మామయ్యగారు మాత్రం ఏడింటికే బూట్లు వేసుకుని కూర్చున్నారు. ఆయనది అంతర్వేది దగ్గర పల్లె, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. నది రోజుకు రెండుసార్లు వెనక్కి తిరుగుతుందని చెప్తే నవ్వేశారు. "పోటొస్తే మా ఏరూ ఉప్పగా అవుతుందమ్మా. దానికి కెనడా దాకా రావాలా?" అన్నారు.

అయినా వచ్చారు. ఓడవాళ్ళు అమ్మే ఊరు చూపించే టూర్లు (ఎక్స్‌కర్షన్లు) నేనేమీ బుక్ చేయలేదు. ఈ ఊళ్ళో అవసరం లేదు కూడా. ఓడ సరాసరి ఊరి నడిబొడ్డున ఆగుతుంది, నది వెనక్కి తిరిగే రివర్సింగ్ ఫాల్స్ అనే చోటికి ట్యాక్సీలో కొద్ది నిమిషాలే. సిటీ బస్సు ఉంది, ఓపికుంటే హార్బర్ పక్కనే నడకదారి కూడా ఉంది. అత్తయ్యగారి మోకాళ్ళకోసం మేం ట్యాక్సీ తీసుకున్నాం.

ఫాల్స్ అని పేరు గానీ పైనుంచి దూకే జలపాతం ఉండదు, నయాగరా ఊహించుకుని వెళ్తే ఉసూరుమంటారు. పక్కనే పెద్ద పేపర్ మిల్లు, దాని పొగ గొట్టాలు. ఫొటోలో దాన్ని తప్పించడం నా వల్ల కాలేదు. మరి ఏముందంటే, 673 కిలోమీటర్లు పారి వచ్చిన సెయింట్ జాన్ నది ఇక్కడ ఓ ఇరుకు రాతి కనుమలోంచి సముద్రంలోకి పడుతుంది. నీటి అడుగున రాతి గట్టు ఉంది. ఆటు సమయంలో సముద్రం బాగా కిందికి దిగిపోతుంది కాబట్టి, నది ఆ గట్టు మీంచి సుడులు తిరుగుతూ, నురగలు కక్కుతూ బయటికి పరుగెడుతుంది. మేం ఉదయం చూసింది ఇదే. బాగుంది. మామయ్యగారు మాత్రం "ఊఁ, జోరుగానే ఉంది" అని ఊరుకున్నారు.

అసలు సంగతి ఆరు గంటల తర్వాత. పోటు ఎక్కేకొద్దీ సముద్రం నదితో సమానమవుతుంది. అప్పుడు ఇరవై నిమిషాల పాటు నీళ్ళు కదలకుండా నిలబడతాయి, పడవలు ఆ కనుమ దాటేది ఆ కాసేపట్లోనే. ఆ తర్వాత సముద్రం నది కంటే ఎత్తుకెళ్ళి, మొత్తం ప్రవాహాన్ని వెనక్కి తోస్తుంది. ఆ ప్రభావం ఎగువన, రాష్ట్ర రాజధాని ఫ్రెడరిక్టన్ దాకా తెలుస్తుందట.

మన విశాఖలో పోటుకీ ఆటుకీ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. ఇక్కడ సెయింట్ జాన్‌లో ఎనిమిది మీటర్ల దాకా వెళ్తుంది. బే ఆఫ్ ఫండీ చివరికి, పక్క రాష్ట్రం నోవా స్కోషియా వైపు వెళ్తే పదహారు మీటర్ల దాకా. కారణం ఆ అఖాతం ఆకారం, పొడవు. లోపలికి వెళ్తున్నకొద్దీ సన్నబడుతుంది, లోతు తగ్గుతుంది. పైగా లోపలికెళ్ళిన నీళ్ళు ఆ చివర తాకి తిరిగి బయటికి రావడానికి పట్టే టైమూ, సముద్రంలో కొత్త పోటు వచ్చే టైమూ ఇంచుమించు ఒకటే, పన్నెండు గంటల పైచిలుకు. ఒకదానికి ఒకటి తోడై పోటు ఇంత ఎత్తుకు లేస్తుంది.

ఆ ఆరు గంటలు ఏం చేశామంటే, ఊళ్ళోకి వచ్చేశాం. టెర్మినల్ నుంచి కింగ్ స్ట్రీట్ ఎక్కితే పైన సిటీ మార్కెట్. ఎక్కితే అని ఎందుకన్నానంటే ఆ వీధి నిజంగానే నిటారుగా ఉంటుంది, పెద్దవాళ్ళతో వెళ్తే మెల్లగా వెళ్ళండి. మార్కెట్ భవనం 1876 నాటిది. ఆ మరుసటి ఏడాది, 1877 జూన్‌లో వచ్చిన అగ్నిప్రమాదంలో ఊళ్ళో పదహారు వందలకు పైగా భవనాలు కాలిపోయాయి, ఇది మాత్రం మిగిలింది. లోపల తలెత్తి పైకప్పు చూడండి, బోర్లించిన ఓడ అడుగుభాగం ఆకారంలో ఉంటుంది. ఓడలు కట్టే ఊరు మరి. 1851లో ఇక్కడ కట్టిన మార్కో పోలో అనే తెరచాప ఓడ, మరుసటి ఏడాది లివర్‌పూల్ నుంచి మెల్‌బోర్న్‌కి 76 రోజుల్లో వెళ్ళి పేరు తెచ్చుకుంది. ఇక్కడి ఒక క్రూజ్ టెర్మినల్ పేరు కూడా అదే.

మార్కెట్‌లో అందరూ తినమని చెప్పేది డల్స్. గ్రాండ్ మానన్ దీవి నుంచి వచ్చే, ఊదా రంగులో ఎండబెట్టిన సముద్రపు నాచు. స్థానికులు చిప్స్ తిన్నట్టు నమిలేస్తారు. అత్తయ్యగారు శుద్ధ శాకాహారి, నాచే కదా అని ఒక ముక్క నోట్లో వేసుకున్నారు.

"అమ్మాయ్, ఇది ఆకేనా? ఎండుచేపల సంత వాసనొస్తోందేంటి?"

"ఆకే అత్తయ్యా, సముద్రంలో పెరిగింది."

మిగతా ప్యాకెట్ మా ఆయనకి వెళ్ళిపోయింది. ఆయనకి తెగ నచ్చింది, బీరులోకి బాగుంటుందట. అత్తయ్యగారికి మేపుల్ సిరప్ దొరికింది కాబట్టి శాంతించారు. ఈ మార్కెట్‌కి ఆదివారాలు సాధారణంగా సెలవు, మీ ఓడ ఆదివారం ఆగేట్టయితే ముందే కనుక్కోండి. ఎదురుగా కింగ్స్ స్క్వేర్ అనే పార్కు, అందులో దారులు బ్రిటిష్ జెండా గీతల్లా వేశారు. అగ్నిప్రమాదం తర్వాత ఇటుకతో, రాయితో మళ్ళీ కట్టిన పాత వీధులు ఆ చుట్టుపక్కలే. నాకైతే ప్రిన్స్ విలియం స్ట్రీట్ బోస్టన్ కంటే నచ్చింది, ఎందుకంటే ఎవరూ తోసుకోరు.

మధ్యాహ్నం మళ్ళీ కనుమ దగ్గరికి. ట్యాక్సీ డబ్బులు రెండోసారి ఎందుకని మా ఆయన గొణుగుడు. కానీ ఈ ఊరిని ఒక్కసారి చూసి వచ్చేస్తే సగం చూసినట్టే. ఉదయం ఎడమ నుంచి కుడికి పరుగెత్తిన నీళ్ళు ఇప్పుడు కుడి నుంచి ఎడమకి, అదే జోరుతో. ఒక పెద్ద దుంగ సముద్రం వైపు నుంచి వచ్చి ఎగువకి కొట్టుకుపోతోంది. మామయ్యగారు ఫోన్ తీసి తమ్ముడికి వీడియో కాల్ చేశారు. అక్కడ అర్ధరాత్రి దగ్గర పడింది, పాపం బాబాయ్ గారు లైటేసుకుని చూశారు. "ఒరే, దుంగ చూడరా దుంగ, ఎటెళ్తోందో!" రెయిలింగ్ దగ్గర ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మూడు ముక్కలు. మీ ఓడ ఆగే తేదీకి ఆటుపోట్ల టైములు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటిని బట్టే రోజు ప్లాన్ చేసుకోండి. న్యూ బ్రన్స్‌విక్ టైము న్యూజెర్సీ కంటే ఒక గంట ముందు. ఫోన్ తనంతట తనే మారుతుంది, ఓడ టైము మార్చకపోవచ్చు, కాబట్టి ఓడ గడియారాన్నే నమ్మండి. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో, అమెరికా విజిటర్ వీసా మీద వచ్చిన పేరెంట్స్‌కి కెనడా వీసా విడిగా ఉండాలి, ట్రిప్ బుక్ చేసే ముందే చూసుకోండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి పాస్‌పోర్ట్, కార్డ్ ఉంటే చాలు.

ఓడ దగ్గరికొచ్చేసరికి ఉదయం మేం దిగిన తలుపు మూసేసి ఉంది. నీళ్ళతో పాటు ఓడ కూడా పైకి లేచింది కదా, మెట్లవంతెన ఇంకో డెక్‌కి మార్చారు. మామయ్యగారు అక్కడే నిలబడి, ఎన్ని అడుగులు లేచిందని సెక్యూరిటీ అబ్బాయిని ఇంగ్లీషులో ఆరా తీయడం మొదలుపెట్టారు. వెనకాల పెద్ద లైను. అత్తయ్యగారు ఆయన చెయ్యి పట్టుకుని లాగారు: "ఆ లెక్కలు తర్వాత వేద్దురుగాని, డిన్నర్‌లో ఇవాళ ఇండియన్ మెనూ ఉందట, పదండి!"