తాబేలుకు మిద్దె కట్టండి, రేకు వద్దు
(అనంతపురం సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ చెబుతూ పోతే ఎండ నెత్తికెక్కుతుంది. మన్నించండి, నేరుగా సంగతిలోకి వస్తాను.

ముందు ఒక మాట. మన పొదల్లో కనబడే నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకోవడం నేరం. 2022 సవరణతో అది వన్యప్రాణి చట్టం ఒకటో షెడ్యూల్లోకి చేరింది. దొరికితే అటవీ శాఖకు అప్పగించండి. నేను చెప్పేది ఆఫ్రికా నుంచి వచ్చిన సుల్కాటా అనే పెద్ద తాబేలు గురించి. అది ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. సరే, గూడు సంగతి.

గూడు అనగానే మనవాళ్లు చేసేది ఒకటే: నాలుగు ఇటుకలు, పైన రేకు. అయ్యా, మే నెల మధ్యాహ్నం ఆ రేకు కింద మీరు అరగంట కూర్చుంటారా? చెప్పండి! సుల్కాటా ఎడారి అంచు జీవమే, కాదనను. కానీ అక్కడ అది బొరియ తవ్వుకుని ఎండను తప్పించుకుంటుంది. ఒళ్లు మరీ కాగితే జొల్లు కార్చి ముందుకాళ్లకు పూసుకుంటుంది. అది చూసి ఆకలేసిందనుకుని ఆకు వేస్తారు!

మన తాతలు ఏం కట్టుకున్నారు? మందపాటి గోడ, పైన చవుడు మట్టి పోసిన మిద్దె. దీనికీ అదే. రెండడుగుల తాబేలుకు లోపల 4 అడుగులకు 4, ఎత్తు 2 అడుగులు. రాయి, మట్టితో అడుగు మందం గోడ. లోపలివైపు సిమెంటు పూయండి, లేకుంటే గోకి గోకి మట్టి రాల్చేస్తుంది. పైన 2 అంగుళాల కడప బండలు, నడుమ ఇనుప దూలం. బండల మీద టార్పాలిన్ పట్ట, ఆపైన 6 అంగుళాల చవుడు, పడమరకు వాలు. దూలం ఎందుకంటారా? ఆ 16 చదరపు అడుగుల మీద తడిసిన మట్టే నాలుగు క్వింటాళ్లు తూగుతుంది. కొందరు మట్టి మానేసి ఉత్త నల్లబండ పరుస్తారు. అది రేకుకు అన్న! రాత్రి పదింటికీ వేడి కక్కుతూనే ఉంటుంది. చూశారా, మళ్లీ రేకు దగ్గరికే వచ్చాను.

వాకిలి తూర్పుకు పెట్టండి, మధ్యాహ్నం ఎండ లోపలికి రాదు. గడప ముందు 6 అంగుళాల కట్ట పోయండి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు మునిగేవి కట్ట లేని గూళ్లే. నల్లరేగడి అయితే పునాదిలో తవ్వి గరుసు నింపండి, లేదంటే గోడ పగులుతుంది. కింద ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు కలిపి పోసి, ఒక మూల తడిగా ఉంచండి. పూర్తిగా ఎండిన చోట పెరిగే పిల్లలకు డిప్ప గుట్టలు గుట్టలుగా లేస్తుంది. శెనక్కాయ పొట్టు వేయకండి, తడిస్తే బూజు. ఉత్త ఇసుకా వద్దు, మేతతోపాటు మింగి పేగు మూసుకుంటుంది.

కంచెకు ఇనుప వల వేస్తే అవతల కనబడుతుంది కాబట్టి రోజంతా నెడుతుంది. మన చేల కంచెలాగే 4 అడుగుల బండలు సందు లేకుండా నిలబెట్టి, అడుగున్నర భూమిలో పూడ్చండి. తవ్వడం మూలల్లోనే మొదలవుతుంది, అక్కడ రెండు బండలు వేయండి. నీళ్లకు తొట్టి కాదు, 2 అంగుళాల లోతు మట్టి మూకుడు.

డిసెంబరు రాత్రులు వాకిలికి గోనెపట్ట దించండి. ఎండాకాలంలో మధ్యాహ్నం మూడింటికి లోపల నేల మీద థర్మామీటర్ పెట్టి చూడండి. 35 డిగ్రీలు దాటితే పైన ఇంకో 3 అంగుళాల మట్టి పడాలి. దానికి ముందు రెండో దూలం.