అరగదీస్తే వచ్చే రంగులు: కెన్ ప్రైస్ పద్ధతిలో చిన్న శిల్పం

నమస్కారం. ముందు దీన్ని చూడండి. గుండ్రంగా, లోపలి నుంచి ఉబ్బి వచ్చినట్టుగా ఉంది కదా. దగ్గరికి తెస్తున్నాను... ఒంటినిండా మచ్చలు, ప్రతి మచ్చలోనూ వలయాలు. పసుపు చుట్టూ నారింజ, దాని చుట్టూ ఊదా. ఇందులో ఒక్కటి కూడా కుంచెతో దిద్దినది కాదు. అన్నీ అరగదీస్తే బయటపడినవే.

ఈ పద్ధతి అమెరికా శిల్పి కెన్ ప్రైస్‌ది. 1935లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టారు, 2012లో కన్నుమూశారు. కాల్చిన మట్టి మీద గ్లేజుకు, అంటే కొలిమిలో కాల్చితే గాజులా మారే పూతకు, బదులు ఆక్రిలిక్ రంగు వేసేవారు, సుమారు 70 పొరలు! ఆ తర్వాత గరుకు కాగితంతో రుద్దేవారు. అందుకే ఆయన శిల్పాల్లో రంగు పైన పూసినట్టు ఉండదు, పండుకు తొక్కలా ఒంటికే పుట్టినట్టు ఉంటుంది. నాకు ఆయన మీద ఇంత ఇష్టం దానివల్లే.

మనం 12 పొరలు వేద్దాం. గాలికి ఆరే మట్టి తీసుకోండి. ముద్ద చేయండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ కాస్త లాగండి, ఇలా. పూర్తిగా ఆరాక జెస్సో, అంటే రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత, రెండుసార్లు. ఆరింది కదా, ఇప్పుడు మోడలింగ్ పేస్టుతో, అంటే ఆరితే గట్టిపడే చిక్కటి తెల్లటి ముద్దతో, చిన్న చిన్న బొడిపెలు పెట్టండి. మచ్చలు వచ్చేది వీటి దగ్గరే. బొడిపె వాలు తక్కువగా ఉంటే వలయం వెడల్పుగా వస్తుంది. అందుకే నేను వేలితో ఇలా కొంచెం అణుస్తాను.

ఇక రంగులు. పసుపు మూడు పూతలు, నారింజ మూడు, ఊదా మూడు, పైన ముదురు ఆకుపచ్చ మూడు. ఏది ముందో కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు అరగదీయడం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం. మొదటిసారి నేను పైపూత తడి ఆరగానే పొడిగా రుద్దాను. ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే కదా, రాపిడి వేడికి మెత్తబడింది. ఉండలు ఉండలుగా లేచి కాగితానికి అంటుకుంది, రంగులన్నీ అలుక్కుపోయాయి. పది రోజుల పని. చాలా బాధపడ్డాను.

కాబట్టి కనీసం వారం ఆగండి. 400 నంబరు గరుకు కాగితం, తడిపి రుద్దడానికి పనికొచ్చే రకం, నీళ్లలో ముంచండి. గట్టిగా నొక్కకండి. చిన్న సున్నాలు చుడుతూ... చూశారా, నారింజ వచ్చింది. కడగండి, మళ్లీ ముంచండి. కాగితం వెనక నేను పెన్సిలు చెరిపే రబ్బరు పెడతాను, వంపు వెంట చక్కగా నడుస్తుంది. చెక్క ముక్క కంటే నాకు ఇదే నచ్చుతుంది.

మచ్చ నడుమ తెల్లగా కనిపించిందంటే పేస్టు దాకా వెళ్లినట్టు. అక్కడ ఆపేయండి. మట్టి బయటపడితే మాత్రం ఇక నీళ్లు తగలనివ్వకండి, అది మెత్తబడుతుంది.

చివరగా 800, తర్వాత 1000. వార్నిష్ నేను వేయను, ఆ మెరుపులో వలయాలు సరిగ్గా కనిపించవు. తిప్పుతున్నాను... ఈ పక్కన పసుపు ఇంకా రాలేదు. మరో రెండు సున్నాలు చుడతాను.