బెల్లం గడ్డతో తూకం: క్యూపీసీఆర్‌లో రిఫరెన్స్ జీన్ గోల

[కెమెరా ముందు, బోర్డు పక్కన]

"యాక్టిన్‌తో నార్మలైజ్ చేశాం." అంటే, ఒక జీన్ ఆర్ఎన్ఏ ఎంత ఉందో క్యూపీసీఆర్‌తో కొలిచి, ఆ అంకెని యాక్టిన్ అనే జీన్‌తో పోల్చి సరిచేశారన్నమాట. యాక్టినే ఎందుకయ్యా అంటే, అందరూ అదే వాడతారు కాబట్టి. థీసిస్‌లలో ఈ మాట కనబడితే చాలు, ఒళ్ళు మండుతుంది. అది కారణం కాదండీ, అలవాటు.

సీటీ అంటే ఏంటో మీకు తెలుసు: కాపీలు సైకిల్‌కి రెట్టింపవుతూ కనబడే స్థాయికి రావడానికి పట్టే సైకిళ్ళ సంఖ్య, ఆర్ఎన్ఏ ఎక్కువుంటే సీటీ తక్కువ. అక్కడ ఆగను. తక్కెడ ఊహించుకోండి. ఒక పక్క మీ జీన్, ఇంకో పక్క రిఫరెన్స్ జీన్, అంటే కిలో రాయి. ఎండలో పెట్టినా వానలో పెట్టినా రాయి కిలోనే ఉండాలి. రాయి బదులు బెల్లం గడ్డ పెట్టారనుకోండి, ఎండకి కారిపోతుంది. సరుకు అంతే ఉన్నా తూకం మారిపోతుంది.

[బోర్డు మీద అంకెలు]

జొన్న మొక్కలకి నీళ్ళు ఆపేశాం. ఆపకముందు యాక్టిన్ సీటీ 20, మీ జీన్ 26, తేడా 6. వాడిపోయాక మీ జీన్ 26 దగ్గరే ఉంది, కదల్లేదు. యాక్టిన్ మాత్రం తగ్గిపోయి సీటీ 21.5కి వెళ్ళింది. తేడా ఇప్పుడు 4.5. ఒకటిన్నర సైకిళ్ళంటే దాదాపు 2.8 రెట్లు. "కరువులో ఈ జీన్ 2.8 రెట్లు పెరిగింది" అని గ్రాఫ్ గీసి, పైన "తేడా నిజమే" అనే నక్షత్రాలు కూడా పెడతారు. పెరిగిందేం లేదు, బెల్లం కరిగింది!

ఎందుకు కరుగుతుంది? యాక్టిన్, ట్యూబులిన్ కణానికి చట్రం కట్టేవి. ఎదుగుదల ఆగితే వాటి పని తగ్గొచ్చు. రిఫరెన్స్‌గా వాడే ఇంకోటి గ్యాప్‌డీహెచ్, అది గ్లైకోలిసిస్ ఎంజైమ్, అంటే చక్కెరల్ని విరగ్గొట్టే పనిలో ఉంటుంది. కరువులో మొక్క చక్కెరల లెక్కే మారిపోతుంటే అదొక్కటీ కదలదని ఎలా నమ్ముతాం? అసలు ఇలాంటి జీన్‌లకి పెట్టిన "హౌస్‌కీపింగ్", అంటే ఎప్పుడూ నడిచే ఇంటిపని, అన్న పేరే మోసం. ఇల్లు తగలబడుతుంటే వాకిలి ఎవరు ఊడుస్తారు?

ఇక 18ఎస్, అంటే కణంలో కుప్పలుగా ఉండే రైబోజోమ్ ఆర్ఎన్ఏ, వాడేవాళ్ళు. ఉంగరాన్ని లారీ కాటా మీద తూచినట్టే. దాని సీటీ 10 చుట్టుపక్కల, మీ జీన్‌ది 26. పైగా మామూలు జీన్‌ల ఆర్ఎన్ఏకి ఉండే పాలీ-ఏ తోక దానికి లేదు. ఆ తోకనే పట్టుకునే ఒలిగో-డీటీతో సీడీఎన్ఏ (ఆర్ఎన్ఏ నుంచి తీసే డీఎన్ఏ నకలు) చేసి 18ఎస్ కొలిస్తే ఆ అంకెకి అర్థమే లేదు.

మరి ఏం చేయాలి? వేర్వేరు పనులు చేసే 8 నుంచి 10 జీన్‌లు తీసుకోండి: పీపీ2ఏ, ఈఎఫ్1-ఆల్ఫా, యుబిక్విటిన్, సైక్లోఫిలిన్ లాంటివి. 2005లో అరబిడాప్సిస్ మైక్రోఅర్రే డేటాని జల్లెడ పట్టినప్పుడు పీపీ2ఏ బాగా నిలబడింది. అయినా అక్కడ రాయి అయింది ఇక్కడా రాయే అవుతుందని లేదు, మీ పంటలో తూచి చూడాల్సిందే. అన్ని శాంపిళ్ళకీ డీఎన్ఏస్ (మిగిలిన డీఎన్ఏని తినేసే ఎంజైమ్) వేసి, కచ్చితంగా 1 మైక్రోగ్రాము ఆర్ఎన్ఏతో సీడీఎన్ఏ చేయండి. ప్రైమర్ ఎఫిషియెన్సీ, అంటే సైకిల్‌కి ఎంత బాగా రెట్టింపవుతోందో, 90 నుంచి 110 శాతం ఉండాలి, అంటే శాంపిల్‌ని పలచన చేస్తూ గీసిన గీత స్లోప్ మైనస్ 3.6, మైనస్ 3.1 మధ్య. మెల్ట్ కర్వ్‌లో ఒకటే శిఖరం రావాలి, అంటే ఒకే ముక్క పెరిగిందని.

తర్వాత జీనార్మ్, ఏ జీన్ నిలకడగా ఉందో ర్యాంకు ఇచ్చే సాఫ్ట్‌వేర్. ఇక్కడో తిరకాసుంది. అది జీన్‌ల జతల మధ్య నిష్పత్తి చూస్తుంది. రెండు బెల్లం గడ్డలు పక్కపక్కన ఒకే వేగంతో కరిగాయనుకోండి, వాటి మధ్య నిష్పత్తి మారదు. జీనార్మ్ ఆ రెంటికే మొదటి ర్యాంకు ఇచ్చేస్తుంది! వేర్వేరు పనుల జీన్‌లు తీసుకోమన్నది అందుకే. నార్మ్‌ఫైండర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నీళ్ళు పెట్టిన (కంట్రోల్), కరువు గ్రూపుల మధ్య తేడాని విడిగా లెక్కేస్తుంది, కాబట్టి రెండూ నడపండి.

[గడియారం చూస్తూ]

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్తా. జీనార్మ్ ఇచ్చే వీ2/3 విలువ (మూడో జీన్ కలిపితే లెక్క ఎంత మారుతుందో) 0.15 కంటే తక్కువొస్తే రెండు జీన్‌లు చాలు. రెండిటి సీటీలకి మామూలు సగటు తీయండి, అది పరిమాణాల జామెట్రిక్ సగటుతో సమానం, ఎఫిషియెన్సీలు 100 శాతం దగ్గరుంటే. ఈ ర్యాంకుల్ని కలిపి ఇచ్చే రెఫ్‌ఫైండర్‌లో ముడి సీటీలు పోస్తే ఎఫిషియెన్సీ 100 అని అదే అనుకుంటుంది, ఆ ర్యాంకుల్ని గుడ్డిగా నమ్మకండి. ఆకుకి తేలిన జీన్‌లు వేరుకి పనికిరాకపోవచ్చు, విడిగా చూడండి. చివరగా, కరువులో పెరుగుతుందని ఖాయంగా తెలిసిన డీహైడ్రిన్ జీన్ ఒకటి తీసుకుని, మీ లిస్టులో మొదటి రిఫరెన్స్‌తో ఒకసారి, అట్టడుగుదానితో ఒకసారి లెక్కేసి, రెండు గ్రాఫులూ పేపర్లో పక్కపక్కనే పెట్టండి, రిఫరెన్స్ మారితే జవాబు ఎంత మారుతుందో కనబడుతుంది.