కత్తెర కబుర్లు: క్లిప్పర్ బ్లేడ్ సెట్టింగ్ (అనుకున్నాం, మంటతో కటింగ్ దగ్గర తేలాం)

శేషు: నమస్కారం, కత్తెర కబుర్లు. కిందటి వారం మాటిచ్చినట్టే ఈసారి క్లిప్పర్ బ్లేడ్ సెట్టింగ్. జీరో గ్యాప్ ఎవరికి, ఎందుకు...

లలిత: ముందు జీరో గ్యాప్ అంటే ఏంటో చెప్పండి.

శేషు: మెషీన్‌లో రెండు బ్లేడ్ల పళ్ళ మధ్య ఎడం దాదాపు లేకుండా పెట్టడం. బ్లేడ్ సంగతి. కదిలే బ్లేడు పళ్ళు కదలని బ్లేడు పళ్ళకంటే కాస్త వెనక్కి ఉండాలి. రోజువారీ పనికి మిల్లీమీటరు లోపు చాలు. ముందుకొచ్చిందంటే చర్మం గీరుకుంటుంది. స్క్రూలు సగం బిగించి, రెండు అంచులూ సమంగా ఉన్నాయా చూసి, అప్పుడు ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని బిగించాలి. ఒక్క స్క్రూనే పూర్తిగా బిగిస్తే బ్లేడు పక్కకి జరుగుతుంది.

లలిత: ఆయిల్?

శేషు: మెషీన్ ఆన్‌లో పెట్టి రెండు మూడు చుక్కలు. కొబ్బరినూనె వద్దు. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఏసీ గదిలో బ్లేడు పట్టేస్తుంది.

లలిత: ఆయిల్ లేక వేడెక్కే బ్లేడు సరే, ఈ మంటతో జుట్టు కత్తిరించే పనిముట్టు వీడియో సంగతేంటి? ఈ వారం వచ్చిన మెసేజ్‌లన్నీ అవే. "మేడమ్, ఇది కొనొచ్చా?" అని.

శేషు: ఏది, ఆ గ్యాస్‌దా?

లలిత: అదే. చూడనివాళ్ళకి చెప్తా. పిడిలో లైటర్ గ్యాస్ ట్యాంకు, బొటనవేలి కింద మీట, నొక్కితే టిక్కుమని వెలుగుతుంది. సన్నటి నాజిల్, దాని ముందు లోహపు దువ్వెన పళ్ళు. పళ్ళు జుట్టుని ఎత్తి పడతాయి, పైకి వచ్చిన చివర్లని మంట కాల్చేస్తుంది. కత్తెర అక్కర్లేదట, చివర్లు సీలైపోతాయట.

శేషు: లోహపు దువ్వెనా?

లలిత: మొదలుపెట్టారు!

శేషు: మరి? లోహం వేడిని మింగి కూర్చుంటుంది. మొదటి రెండు పాయలకి ఏం తెలీదు, ఆ తర్వాత మంట తగలకపోయినా దువ్వెనే మాడుని చురుక్కుమనిపిస్తుంది. మామూలు ప్లాస్టిక్‌దైతే మెత్తబడి పళ్ళు వంగిపోతాయి. చెక్క దువ్వెన ఒక్కటే...

లలిత: మంట పక్కన చెక్కా!

శేషు: రెండు సెకన్ల మంటకి చెక్క అంటుకోదు తల్లీ. పైన నల్లబడుతుంది, వేడి మాత్రం అవతలికి రాదు. వేప చెక్కదైనా...

లలిత: వేప మీద ఎపిసోడ్ ఇంకోసారి చేద్దాం. నా గొడవ దువ్వెనతో కాదు, ఆ "సీలవుతుంది" అనే మాటతో. అది కొత్త అబద్ధం కూడా కాదు. 19వ శతాబ్దం చివర్లో, ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు, ఇంగ్లండ్, అమెరికా బార్బర్ షాపుల ధరల పట్టికలో కటింగ్, గడ్డం, తలస్నానంతోపాటు సింజింగ్ అని విడిగా ఉండేది. సన్నటి మైనపు వత్తి వెలిగించి, కటింగయ్యాక జుట్టు చివర్లకి చూపించేవాళ్ళు. జుట్టు గొట్టమట, కోస్తే లోపలి సారం కారిపోతుందట, మంట పెడితే మూసుకుంటుందట. వెంట్రుక మాడు దాటి బయటికొచ్చాక ప్రాణం లేని పదార్థం. మధ్యలో మెడుల్లా అనే పొర కొందరికి ఉంటుంది, కొందరికి ఉండనే ఉండదు. అందులో పారే రసం ఏమీ లేదు.

శేషు: సారం మాట వదిలెయ్. చివర చిన్న పూసలా కట్టుకుంటుంది కదా, అది చూశాక జనం నమ్మరా?

లలిత: ఆ పూసేంటో చూడండి మరి. వెంట్రుకలో ఉండే కెరటిన్ పొడిగా ఉంటే 230 డిగ్రీలు దాటాక కరిగి విరిగిపోతుంది. గంధకం ఉన్న ప్రోటీన్ కాబట్టి ఆ కమురు కంపు. లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై బుడగలు కడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే చివర ఉబ్బి, లోపలంతా బోలుగా కనిపిస్తుంది. ఆ పూసకి కాస్త పైన వెంట్రుక పెళుసైపోతుంది. నాలుగు రోజులు దువ్వితే అక్కడే విరుగుతుంది. మీరు సీల్ అంటున్నారు, నేను కొత్త చిట్లుకి పునాది అంటున్నా.

శేషు: నేను ఎక్కడన్నాను?

లలిత: అనబోయారు.

శేషు: నేను అనబోయింది వేరు. మంటతో పని చేయడం ఒక విద్య. బ్రెజిల్‌లో చేసే కొవ్వొత్తి పని, వెలతెరపీయా అంటారే, దాన్నీ ఈ గ్యాస్ బొమ్మనీ ఒకే గాటన కట్టకు. వాళ్ళ పద్ధతిలో లెక్క ఉంది.

లలిత: చెప్పండి, వినేవాళ్ళకి తెలియాలి. కాకపోతే ఇంట్లో చేయమని కాదు.

శేషు: సెలూన్‌లో కూడా చేయమని కాదు. ముందు తలస్నానం. నూనె, సీరం, స్ప్రే ఏ ఒక్కటీ మిగలకూడదు. తర్వాత పూర్తిగా ఆరాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, తడి ఉంటే మంచిదనుకుంటారు. తడి ఉన్నచోట ఆవిరి పుట్టి వెంట్రుకని లోపలినుంచే చీలుస్తుంది. ఆరాక వేలు మందం పాయ తీసి, గట్టిగా మెలితిప్పి, లాగి పట్టుకుంటారు. మెలితిప్పితే బాగున్న వెంట్రుకలు తాడులో ఇమిడిపోతాయి, చిట్లినవి ముళ్ళలా పైకి లేస్తాయి. అప్పుడు సన్నటి కొవ్వొత్తిని ఆ తాడు పొడవునా జరుపుకుంటూ పోతారు. ఎక్కడా నిలపరు. నిలిపితే తాడే కాలుతుంది. నిప్పు రవ్వ ఏదైనా మిగిలితే వెంటనే చేత్తో నలిపేస్తారు. తలంతా ఇలా పాయ పాయకీ చేశాక...

లలిత: చేశాక?

శేషు: కత్తెరతో ఆ పూసల్ని కత్తిరిస్తారు.

లలిత: వింటున్నారా? కత్తెరతో!

శేషు: ఆ తర్వాత కండిషనింగ్, బాగా దట్టంగా.

లలిత: ఇంక మంట ఎందుకు శేషు గారూ? మెలితిప్పి, పైకి లేచినవాటిని కత్తెరతోనే కత్తిరించొచ్చు. మన బ్యూటీపార్లర్లలో ఆ పని చేస్తూనే ఉన్నారు. చివర్న వేసే కండిషనర్ వల్ల వచ్చిన మెత్తదనాన్ని తీసుకెళ్ళి కొవ్వొత్తి ఖాతాలో వేస్తున్నారు. రెండువైపులా వేరువేరుగా చేసి చూపించమనండి. ఒక పక్క మంట, ఒక పక్క కత్తెర, రెండిటికీ అదే కండిషనర్.

శేషు: పదునున్న కత్తెర అని చెప్పు. మొద్దు కత్తెర వెంట్రుకని నలిపి తెంపుతుంది, అదీ చిట్లుతుంది.

లలిత: ఒప్పుకున్నా.

శేషు: అయినా కొవ్వొత్తిలో ఒక గుణం ఉంది, అది ఈ గ్యాస్ పనిముట్టులో లేదు. ఎటు వంచినా మంట పైకే లేస్తుంది, దాని సైజూ పెద్దగా మారదు. వత్తి పీల్చుకున్నంత మైనమే కాలుతుంది. మహా అయితే మైనం చుక్క కారుతుంది. గ్యాస్ అలా కాదు. లైటర్ గ్యాస్ ఎక్కువ భాగం బ్యూటేన్. సున్నాకి అర డిగ్రీ కిందే మరుగుతుంది. ట్యాంకులో అడుగున ద్రవం, పైన ఆవిరి. నిటారుగా పట్టుకుంటే నాజిల్‌కి ఆవిరే వస్తుంది, నీలం మంట బుద్ధిగా ఉంటుంది. తలకిందులు చేస్తే?

లలిత: ద్రవం దిగుతుంది.

శేషు: దిగి, నాజిల్ దాటగానే రెండు వందల రెట్లకి పైగా ఉబ్బుతుంది. దానికి సరిపడా గాలి కలవదు. వేలెడు నీలం మంట కాస్తా ఒక్క క్షణంలో జానెడు పసుపు మంట. ఇప్పుడు ఆలోచించు, నుదుటి దగ్గర పనిముట్టు నిటారుగా ఉంటుంది. మెడ వెనక, చెవి కింద? మణికట్టు తిరగాల్సిందే. కటింగ్ అంటేనే చెయ్యి అన్ని కోణాల్లో తిరగడం. ఒక్క కోణంలోనే క్షేమంగా పనిచేసే వస్తువుని తీసుకొచ్చి తలమీద వాడమంటున్నారు.

కిరణ్: అన్నా, మేక తలకాయ, కాళ్ళు కాల్చేవాళ్ళు బర్నర్‌ని ఎటు పడితే అటు తిప్పుతారు కదా?

శేషు: శభాష్. అక్కడ సిలిండర్ నేలమీద నిలబడి ఉంటుంది. గొట్టంలోంచి ఆవిరే వస్తుంది. చేతిలో ఉన్నది బర్నరే కాబట్టి ఎటైనా తిప్పుకోవచ్చు. ట్యాంకు పిడిలోనే పెట్టడం వల్ల ఈ తిప్పలు.

లలిత: ఇంకో తేడా. అక్కడ చర్మం కాలితే కత్తితో గీకేసి పసుపు పూసి ఇస్తారు.

(నవ్వులు)

శేషు: ఆ కస్టమర్ ఫిర్యాదు చేయడు.

లలిత: నింపేటప్పుడు కూడా చెప్పండి, అక్కడే సగం ప్రమాదం.

శేషు: నింపేముందు వాల్వ్‌ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో నొక్కి మిగిలిన గాలీ గ్యాసూ వదిలేయాలి. లేకపోతే సగమే నిండుతుంది, మంట దగ్గుతుంది. ఆ పని ఆరుబయట, దగ్గర్లో ఏ నిప్పూ లేకుండా చేయాలి. పనిముట్టుని తలకిందులు చేసి, వాల్వ్ పైకి ఉండేలా పట్టుకుని, డబ్బా నాజిల్‌ని నిలువుగా గుచ్చి నింపాలి. నింపాక ట్యాంకు చల్లగా ఉంటుంది, వాల్వ్ చుట్టూ కారిన గ్యాస్ ఉంటుంది. కనీసం ఐదు నిమిషాలు ఆగి అప్పుడు వెలిగించాలి. బ్యూటేన్ గాలికంటే రెండింతలు బరువు. పైకిపోదు, కస్టమర్ కప్పుకున్న గుడ్డ మడతల్లో, ఒళ్ళో కూర్చుంటుంది.

లలిత: ఆ గుడ్డ దాదాపు ఎప్పుడూ నైలానో పాలిస్టరో. కాలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాటన్ బూడిదవుతుంది గానీ చర్మానికి అతుక్కోదు. తలపైన ఫ్యాను తిరుగుతుంటే మంట పక్కకి వాలుతుంది. నాజిల్లో కాలిన జుట్టు మసి చేరితే మంట వంకరగా వస్తుంది. ఇవన్నీ పెట్టుకుని అయిదు నిమిషాల్లో తల చక్కబెడతామంటారు.

శేషు: ఎన్ని చెప్పినా దువ్వెన...

లలిత: దువ్వెన కాదండీ! 2022 అక్టోబరులో గుజరాత్‌లో, వాపిలో ఏం జరిగింది? 18 ఏళ్ళ కుర్రాడు ఫైర్ హెయిర్‌కట్‌కి సెలూన్‌లో కూర్చున్నాడు. మెడ, ఛాతీ కాలి ఆసుపత్రిలో చేరాడు. మంటని తలకి పట్టించే వీడియోలు చూసి, నేర్చుకోకుండానే చేసేవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు.

శేషు: ...అవును. అది నవ్వే విషయం కాదు.

లలిత: అక్కడ పనిముట్టే లేదు, ఇంధనమే తలమీద పోస్తారు. జుట్టుకి మండే ద్రవం రాసి, అంటించి, రెండు దువ్వెనలతో దువ్వుతూ ఆర్పేస్తారు. మంట పైపైనే ఉంటుందని ధైర్యం. ద్రవం ఎక్కడికి కారిందో ఎవరు చూశారు? స్పిరిట్ లాంటివి మామూలు గది వేడికే మండే ఆవిరి వదులుతాయి. మంట కూడా సరిగ్గా కనపడదు, ట్యూబ్‌లైట్ వెలుతురులో అసలే కనపడదు. మెడ మీదికి దిగేదాకా చేసేవాడికి తెలీదు.

శేషు: టర్కీలో చెవి వెంట్రుకలకి చేస్తారే, కడ్డీకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పిండి, వెలిగించి చెవికి టక్కు టక్కుమని తాకిస్తారు. అక్కడ ద్రవం చర్మం మీద ఉండదు, దూదిలో ఉంటుంది. రెండో చెయ్యి వెనకే వచ్చి తుడుస్తూ ఉంటుంది. చెవి మీద సన్నటి నూగుకి ఆ పని నడుస్తుంది. తలకట్టుకి నడవదు. దూది పిండకుండా వెలిగిస్తే మండే చుక్క కారుతుంది, అదొక్కటే అక్కడ చాలామంది చేసే తప్పు.

లలిత: దానికి నా అభ్యంతరం తక్కువ. అయినా చెవికి చిన్న ట్రిమ్మర్ ఉండగా ఎందుకో నాకు అర్థం కాదు.

శేషు: సరదా లలితా. కొంతమంది కుర్చీలో కూర్చునేది కటింగ్ కోసం కాదు.

లలిత: సరదా కావాలంటే వేడి కత్తెర చూడమనండి. జర్మనీలో సోలింగెన్ ఊరి కంపెనీ జాగ్వార్ కరెంటుతో వేడెక్కే బ్లేడ్ల కత్తెర చేసింది. కోస్తూనే చివర మూస్తుందని చెప్తారు. ఆ మూయడం మీద నాకు నమ్మకం లేదు. కానీ కనీసం వేడిని అంకెలో పెట్టుకోవచ్చు, మంట లేదు, గ్యాస్ లేదు. కొవ్వొత్తి మంట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. దాన్ని ఏ మీటతోనూ మీరు 180కి తగ్గించలేరు. మంటతో మీ చేతిలో ఉండే కంట్రోల్ ఒక్కటే, ఎంతసేపు చూపించారన్నది.

శేషు: అది మాత్రం నిజం. చెయ్యి వేగమే అక్కడ థర్మోస్టాట్.

కిరణ్: అన్నా, క్లిప్పర్ సంగతి మిగిలిపోయింది.

శేషు: జీరో గ్యాప్ గడ్డం అంచులకీ మెడ గీతలకీ మాత్రమే. మొటిమలున్న చర్మం మీద వద్దు. అయింది.

లలిత: మెసేజ్ పెట్టినవాళ్ళకి ఇంకొక్క మాట. ఎవరికైనా నిప్పంటుకుంటే ఊదొద్దు, ఊదితే మంట ముఖం మీదికి పోతుంది. తడి టవల్ కప్పి నొక్కాలి. కాలినచోట కుళాయి నీళ్ళు, మామూలు చల్లదనంవి, ఇరవై నిమిషాలు పారనివ్వాలి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, సిరా వద్దు. చర్మానికి అంటుకున్న గుడ్డని పీకొద్దు, చుట్టూ కత్తిరించి ఆసుపత్రికి.

శేషు: పక్కన నీళ్ళ స్ప్రే కూడా ఉంచుకోవాలి.

లలిత: అది నీళ్ళ స్ప్రేయేనా అని ముందు చూసుకోవాలి! శానిటైజర్ కూడా అదే సీసాలో పోస్తారు. మంట మీద శానిటైజర్ కొడితే అయిపోయినట్టే.

శేషు: స్టిక్కర్ అంటించాలి.

లలిత: స్టిక్కర్ రెండు రోజుల్లో తడిసి ఊడిపోతుంది. సీసా రంగే వేరు ఉండాలి. శానిటైజర్‌కి ఎర్రది.

శేషు: ఎర్రది మన దగ్గర క్లిప్పర్ ఆయిల్‌కి కదా.

లలిత: ఆయిల్‌కి నీలం.

శేషు: నీలం వద్దు.



లలిత: పసుపు పెట్టండి పోనీ.

శేషు: పసుపు సీసాలు దొరుకుతాయా?

కిరణ్: హోల్‌సేల్‌లో డజను లెక్కన ఇస్తారేమో, అడుగుతా.