అరిగిన పడవకు పుట్టీ కాదు, బట్ట కావాలి

[స్క్రీన్ మీద: బోర్లించిన పాత ఫైబర్‌గ్లాస్ పడవ. కెమెరా కీల్ (పడవ అడుగున మధ్యగా పొడవునా ఉండే గట్టు) దగ్గరికి వెళ్తుంది.]

ఇక్కడ చూడండి. ఇసుకలో, రాళ్ల మీద లాగీ లాగీ కీల్ ముందు భాగం అరిగిపోయింది. తెల్ల పూత లేచిపోయి, దాని కింద పసుపచ్చగా, గరుకుగా పోగులు తేలాయి. వేలితో రుద్దితే గుచ్చుకుంటాయి, రుద్దకండి. దీన్ని చూడగానే ఎవరైనా అనే మొదటి మాట, "కొంచెం పుట్టీ పెట్టి, పైన పెయింట్ కొట్టేస్తే సరి." నాకు ఒళ్లు మండేది ఆ మాటకే.

ఫైబర్‌గ్లాస్ అంటే ఒక రకం ప్లాస్టిక్ అనుకుంటారు చాలామంది. అందులో ఉన్నది గాజు బట్ట. నిజంగా బట్టే, కత్తెరతో కత్తిరించొచ్చు. దాన్ని రెజిన్ అనే, గట్టిపడే జిగురు ద్రవంతో తడిపి, పొర మీద పొర పరిచి గట్టిపడనిస్తే పడవ అవుతుంది. బలమంతా పోగులది. ఆ పోగుల్ని కదలకుండా పట్టి ఉంచడమే రెజిన్ పని. పైన నిగనిగలాడే జెల్‌కోట్ మందం దాదాపు అర మిల్లీమీటరు. అది ఎండ నుంచి, నీటి నుంచి కాపాడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. బలంతో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు మోకాలి దగ్గర అరిగిపోయిన ప్యాంటు ఒకటి ఊహించుకోండి. పోగులు తేలిన చోట ప్యాంటు రంగే పూసి "బాగుచేశాను" అంటే నవ్వరా? పడవకు పుట్టీ పెట్టి పెయింట్ కొట్టడం అచ్చం అదే. బట్ట అరిగితే బట్టే వెయ్యాలి, అంటే మాసిక.

ఆ ప్యాంటును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఇంకో సంగతి తెలుస్తుంది. చిరుగు రూపాయి బిళ్లంతే ఉంటుంది, దాని చుట్టూ బట్ట పల్చబడిన మేర అరచేయంత ఉంటుంది. పడవలోనూ అంతే. కాబట్టి గ్రైండర్ పట్టుకునే ముందు నాణెంతో తట్టి చూడండి.

[శబ్దం: టక్, టక్, టక్... డబ్.]

విన్నారా? "టక్" అంటే గట్టిగా ఉంది. "డబ్" అన్నచోట లోపల పొరలు విడిపోయాయి. శబ్దం మారిన చోటల్లా మార్కర్‌తో గీత గీయండి. ఆ గీతలన్నీ కలిపితే వచ్చేదే అసలు దెబ్బ. కంటికి కనిపించేది అందులో కొంత మాత్రమే.

తర్వాత తేమ. బయటపడ్డ పోగుల వెంట నీరు లోపలికి పాకి ఉంటుంది. అరిగిన చోట ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులన్నీ టేపుతో మూసి వదిలేయండి. షీటు లోపలి వైపు చెమ్మ పట్టిందంటే ఇంకా ఆరలేదన్నమాట. నీడలో గాలి ఆడేలా పెట్టి ఆగాల్సిందే. ఇక్కడే అందరికీ తొందర. చెమ్మ మీద వేసిన మాసిక లేచిపోతుంది.

ఆరాక ముందు మైనాన్ని కరిగించే సాల్వెంట్‌తో తుడవాలి, తర్వాతే సాండింగ్, అంటే గరుకు కాగితంతో రుద్దడం. ఈ వరస తిప్పకండి. పాత పడవ మీద మైనం పాలిష్ ఉంటుంది. తుడవకుండా రుద్దితే ఆ మైనం గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత వేసింది ఏదీ సరిగా పట్టదు. తుడిచే గుడ్డ కూడా మారుస్తూ ఉండండి.

ఇక అసలు పని, గ్రైండింగ్. మాస్క్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా. గాజు పొడి ఒంటి మీద పడితే దురద, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అంతకంటే పెద్ద సమస్య.

అరిగిన గుంట చుట్టూ అంచును వాలుగా చెక్కాలి. ఎంత వాలు? మామూలుగా వాడే లెక్క 12కి 1. అరుగు 2 మిల్లీమీటర్ల లోతుంటే చుట్టూ 24 మిల్లీమీటర్ల వాలు. 4 మిల్లీమీటర్ల మందం మొత్తం పోయి చిల్లి పడితే 48, అంటే దాదాపు 5 సెంటీమీటర్లు, అన్ని వైపులా. వినగానే "బాగున్న చోటంతా చెక్కేయమంటావా?" అంటారు. అవును, చెక్కేయండి.

ఎందుకంటే, పడవ కట్టేటప్పుడు పొరలు పచ్చిగా ఉండగానే ఒకదాని మీద ఒకటి వేస్తారు. అవి రసాయనికంగా కలిసిపోతాయి. ఏళ్ల కిందట గట్టిపడిన పొర మీద మీరు కొత్తది వేస్తే ఆ కలయిక జరగదు, పైన అంటుకుంటుందంతే. అంటుకుని నిలబడాలంటే జాగా కావాలి. మళ్లీ ప్యాంటు దగ్గరికే వద్దాం. చిరుగుకు సరిగ్గా సరిపోయే మాసిక కత్తిరిస్తే కుట్టు ఎక్కడ వేస్తారు? చుట్టూ గట్టి బట్ట మీదికి ఎక్కితేనే కదా అది నిలిచేది.

రెజిన్ విషయానికొస్తే, పాత పడవలు ఎక్కువగా పాలియెస్టర్ రెజిన్‌తో చేసినవే. రిపేరుకు మాత్రం నా ఓటు ఎపాక్సీ అనే మరో రకం రెజిన్‌కి, గట్టిపడిన పాత పొరను అది బాగా పట్టుకుంటుంది. ఒక మెలిక ఉంది. చిన్న చిన్న పోగులు పరిచినట్టుండే మామూలు మ్యాట్‌ను ఎపాక్సీతో వాడకండి. ఆ పోగుల్ని కలిపి ఉంచే బైండర్ పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ మెత్తబడదు, వంపుల్లో కూర్చోదు. నేసిన బట్ట గానీ, పోగులు రెండు దిశల్లో పరిచి కుట్టిన బైయాక్సియల్ బట్ట గానీ తీసుకోండి.

ఇంకో అపోహ, "హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుంది." హార్డెనర్ అంటే రెజిన్‌ను గట్టిపరిచేది, పాలియెస్టర్‌లో ఆ పని చేసేదాన్ని కాటలిస్టు అంటారు. ఈ కాటలిస్టును మామూలుగా 1 నుంచి 2 శాతం మధ్య వాతావరణాన్ని బట్టి మార్చుకోవచ్చు. ఎపాక్సీలో అలా కుదరదు. డబ్బా మీద ఏ పాళ్లు రాసి ఉంటే అవే. ఎక్కువ పోస్తే మిగిలిన హార్డెనర్ లోపలే ఉండిపోయి మాసిక బలహీనమవుతుంది. అన్నట్టు, పాలియెస్టర్ కాటలిస్టు కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు తీయకండి.

[క్లోజప్: తెల్ల బట్ట మీద రెజిన్ పాకుతుంది, బట్ట క్రమంగా పారదర్శకమవుతుంది.]

ఇది నాకెంతో ఇష్టమైన దృశ్యం. తెల్లగా ఉన్న బట్ట తడిసేకొద్దీ కంటికి కనిపించకుండా పోతుంది. ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉంది, లేదా బట్ట పొడిగా ఉంది. రోలర్‌తో నొక్కి బయటికి తోలండి. పెద్ద ముక్క ముందు, చిన్నవి తర్వాత. చిన్నది ముందు వేసే పద్ధతీ ఉంది, కానీ పెద్దది ముందు వేస్తే వాలు మొత్తాన్ని ఒకే పొర పట్టుకుంటుంది, సాపు చేసేటప్పుడు మీరు అరగదీసేది పైన ఉన్న చిన్న ముక్కలనే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. కలిపిన ఎపాక్సీని లోతు గిన్నెలో ఉంచకండి, వేడెక్కి పొగలొస్తుంది. వెడల్పాటి ట్రేలో పోయండి. గట్టిపడ్డాక పైన జిడ్డు పొర ఏర్పడొచ్చు, అది నీళ్లకే పోతుంది, స్క్రబ్‌తో కడిగాకే సాండింగ్. ఎత్తుపల్లాలకు ఎపాక్సీ ఫిల్లర్ వాడండి. కార్లకు వాడే పుట్టీ నీటి కింద వద్దు, అది తేమ పీల్చుకుంటుంది. పైన ఎపాక్సీ ప్రైమర్, ఆ మీద పెయింట్. జెల్‌కోటే కావాలంటే, అది ఎపాక్సీ మీద సరిగా పట్టడానికి వేరే జాగ్రత్తలున్నాయి, అదో పెద్ద కథ. కీల్ మళ్లీ అరిగేదే కాబట్టి అక్కడ ఒకటి రెండు పొరలు అదనంగా వేసి ఉంచండి. చేతికి గట్టిగా తగిలింది కదా అని వెంటనే నీళ్లలో దించకండి. పూర్తిగా క్యూర్ కావడానికి, అంటే లోపలిదాకా గట్టిపడడానికి, డబ్బా మీద ఎన్ని రోజులు రాసి ఉంటే అన్ని రోజులూ ఆగండి, చలికాలమైతే ఇంకొన్ని కలుపుకోండి.