పుట పుటకీ ఒక రంగు: లైబ్రరీలో వికీసోర్స్, టైమ్‌లైన్

హోస్ట్: నమస్కారమండీ. లైబ్రేరియన్లకి పనికొచ్చే వెబ్ పరికరాలని వెతికితే బోలెడు పేర్లు వస్తాయి. మీరు మాత్రం ఇవాళ రెండింటి గురించే మాట్లాడతానన్నారు.

లైబ్రేరియన్: అవునండీ, రెండు చాలు. పాత పుస్తకాలని టైపు చేసి అందరికీ అందించే తెలుగు వికీసోర్స్, సంఘటనలని తేదీల వరుసలో చూపించే టైమ్‌లైన్‌జేఎస్. రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, బ్రౌజర్ ఉంటే చాలు. కొత్త పరికరం ఏది వచ్చినా నేను చూసేది ఒక్కటే: పాఠకుడు చూసి వెళ్లిపోవడమేనా, తనూ ఒక చెయ్యి వెయ్యగలడా? ఈ రెండింట్లోనూ వెయ్యగలడు.

హోస్ట్: పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి కదా. మళ్లీ వికీసోర్స్ ఎందుకు?

లైబ్రేరియన్: స్కాన్ అంటే పుట బొమ్మ. ఫోన్లో చదవాలంటే దాన్ని పెద్దది చేసుకుంటూ అటూ ఇటూ జరపాలి. చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ ఆ బొమ్మని చదివిపెట్టలేదు. వికీసోర్స్‌లో ఒక పక్క స్కాన్, ఇంకో పక్క టైపు చేసిన పాఠ్యం ఉంటాయి. రెండూ పోల్చుకుంటూ దిద్దుతాం. మన భాషలో దీన్ని అచ్చుదిద్దడం అంటారు, ప్రెస్సువాళ్ల మాటే.

హోస్ట్: ఏ పుస్తకం తీసుకోవచ్చు?

లైబ్రేరియన్: ముందు కాపీరైటు చూసుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కపెడతారు. 1965లో పోయిన రచయిత పుస్తకాలు 2026 జనవరి 1న అందరివీ అయ్యాయి. గురజాడ 1915లో, కందుకూరి 1919లో, గిడుగు 1940లో పోయారు కాబట్టి వారి రచనలకి ఇక్కడ అడ్డేమీ లేదు. చాలామంది పొరబడేది అనువాదాల దగ్గర. మూల రచయిత ఎప్పుడో పోయి ఉండొచ్చు, అనువాదకుడి లెక్క వేరు. కొత్త ముద్రణకి ఎవరైనా పీఠిక రాస్తే ఆ పీఠిక లెక్కా వేరే.

హోస్ట్: పుస్తకం దొరికింది. తర్వాత?

లైబ్రేరియన్: స్కాన్ మొత్తం ఒకసారి తిరగెయ్యాలి. ఈ మెట్టు దయచేసి దాటెయ్యకండి. పాత స్కాన్లలో పుటలు ఎగిరిపోయి ఉంటాయి, ఒకే పుట రెండుసార్లు వస్తుంది. 44, 45 పుటలు లేవనుకోండి. సగం పుస్తకం దిద్దాక ఆ రెండూ చేర్చి ఫైలు మారిస్తే, అక్కణ్ణుంచి స్కాన్లన్నీ రెండు స్థానాలు వెనక్కి జరుగుతాయి. టైపు చేసిన పాఠ్యం మాత్రం పాత నంబరు దగ్గరే ఉండిపోతుంది. ప్రతి పుటనీ ఒక్కొక్కటిగా తరలించాల్సి వస్తుంది. లైబ్రేరియన్ బలం ఇక్కడే ఉంది. అదే ముద్రణ మన బీరువాలో ఉంటే, ఆ రెండు పుటలు స్కాన్ చేసి ముందే కలిపెయ్యొచ్చు.

హోస్ట్: పుట నంబర్ల సంగతి? స్కాన్‌లో అట్ట, ముందుమాట అన్నీ కలిసి ఉంటాయి కదా.

లైబ్రేరియన్: ఫైలు ఎక్కించాక, పుస్తకం పుటలన్నీ వరుసగా కనిపించే సూచిక పేజీ తయారుచేస్తాం. స్కాన్‌లో 9వ బొమ్మ పుస్తకంలో 1వ పుట అయితే, అక్కడ 9=1 అని రాస్తే మిగతావి అవే లెక్క కట్టుకుంటాయి.

హోస్ట్: ఇక దిద్దడం.

లైబ్రేరియన్: పుట తెరిస్తే బొమ్మలోంచి పాఠ్యం తీసిచ్చే బటన్ ఉంటుంది, ఓసీఆర్ అంటాం. గూగుల్, టెసరాక్ట్ రెండూ ఉంటాయి, తెలుగుకి నేను ముందు గూగుల్‌దే ఎంచుకుంటాను. ఏది ఎంచుకున్నా పాత అచ్చులో కొన్ని అక్షరాలు తడబడతాయి. ‘మ’ కాస్తా ‘వు’ అవుతుంది, ‘ఘ’ పోయి ‘ఫు’ వస్తుంది. ‘థ’లో చుక్క ఆనకపోతే అది ‘ధ’ అవుతుంది. సున్న ఉండాల్సిన చోట అంకె 0 వచ్చి కూర్చుంటుంది. అది కంటికి దాదాపు సున్నలాగే ఉంటుంది, వెతికినప్పుడు మాత్రం మాట దొరకదు. ఇక అరసున్న చాలాసార్లు పూర్తిగా మాయమవుతుంది.

హోస్ట్: అరసున్నలు ఇప్పుడెవరూ రాయడం లేదు కదా, వదిలెయ్యొచ్చా?

లైబ్రేరియన్: వద్దండీ. పుస్తకంలో ‘చేసినాఁడు’ అని ఉంటే అలాగే ఉంచాలి. ఆనాటి పుస్తకం ఉన్నది ఉన్నట్టు అందించడమే మన పని, భాషని సరిచెయ్యడం కాదు. వరుస చివర విరిగిన మాటలని మాత్రం కలపాలి. ఒక వరుసలో ‘గ్రంథా’, కింది వరుసలో ‘లయము’ ఉంటే ఖాళీ లేకుండా ఒకే మాట చెయ్యాలి. పుట పైన ఉండే పుస్తకం పేరు, నంబరు విడిగా ఉన్న శీర్షిక గడిలో పెట్టాలి. లేకపోతే పుటలన్నీ కలిపి అధ్యాయం చేసినప్పుడు అవి వాక్యం మధ్యలో ఊడిపడతాయి.

హోస్ట్: రంగుల సంగతి చెప్పండి.

లైబ్రేరియన్: దిద్దని పుట ఎరుపు. ఒకరు దిద్దితే పసుపు. ఇంకొకరు చూసి సరే అంటే ఆకుపచ్చ. పసుపు చేసినవారికి ఆకుపచ్చ బటన్ కనిపించదు, రెండో మనిషి ఉండాల్సిందే. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. పాఠకుడు దిద్దుతాడు, సిబ్బంది సరిచూస్తారు. లేదా అటుదిటు. 200 పుటల పుస్తకాన్ని ఐదుగురు రోజుకి ఒక్కో పుట చొప్పున తీసుకుంటే 40 రోజుల్లో పసుపవుతుంది.

హోస్ట్: లైబ్రరీలో పదిమందిని కూర్చోబెట్టి ఒకేసారి మొదలుపెట్టిస్తే?

లైబ్రేరియన్: ఆరుగురి తర్వాత ఆగిపోతుంది. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రోజుకి ఆరు కొత్త ఖాతాలు తెరవడానికే అనుమతి. ముందురోజే ఎవరింట్లో వాళ్లని ఖాతా తెరుచుకు రమ్మనండి. తెలుగు టైపింగ్‌కి విడిగా ఏమీ వద్దు, కంట్రోల్, ఎం కలిపి నొక్కితే అందులోనే ఉన్న కీబోర్డు వస్తుంది.

హోస్ట్: ఇక టైమ్‌లైన్‌జేఎస్.

లైబ్రేరియన్: నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని నైట్ ల్యాబ్ వాళ్లది. వాళ్ల నమూనా గూగుల్ షీట్‌ని కాపీ చేసుకుని, వరుసకో సంఘటన నింపుతాం. ఇది సాయంత్రం సరదాగా చేసుకునే పని. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి కదా, మన గ్రంథాలయోద్యమాన్నే పెట్టండి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం, 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పాతూరి నాగభూషణం గారి పడవ గ్రంథాలయం. మీ ఊరి లైబ్రరీ పుట్టిన ఏడాది కూడా ఒక వరుస. 20 సంఘటనలు దాటించొద్దని తయారుచేసినవాళ్లే అంటారు.

హోస్ట్: ఎక్కడ చెడుతుంది?

లైబ్రేరియన్: మూడు చోట్ల. షీట్ మొదటి వరుసలో ఇంగ్లీషు తలకట్లు ఉంటాయి, వాటిని తెలుగులోకి మారిస్తే టైమ్‌లైన్ తెరుచుకోదు. ఏడాది గడిలో 1935 అని అంకె మాత్రమే ఉండాలి, నెలకీ తేదీకీ వేరే గళ్లున్నాయి. మూడోది, షీట్‌ని వెబ్‌లో పబ్లిష్ చేసినప్పుడు ఆ పెట్టెలో ఒక లింకు చూపిస్తుంది. అది కాదు, బ్రౌజర్ పైన అడ్రసు పట్టీలో ఉన్నది తీసుకుని నైట్ ల్యాబ్ పేజీలో పెట్టాలి, అప్పుడు టైమ్‌లైన్ లింకు వస్తుంది. పబ్లిష్ చేశాక షీట్‌లో ఉన్నదంతా లోకానికి కనిపిస్తుంది, అందుకని ఎవరి ఫోన్ నంబర్లూ అందులో రాసుకోవద్దు. పాఠకుల దగ్గర సమాచారం గూగుల్ ఫారంతో తీసుకుని, సరిచూసి, మీరే షీట్‌లోకి ఎక్కించండి. లైబ్రరీకి వెబ్‌సైటు లేకపోతే ఆ టైమ్‌లైన్ లింకుకి క్యూఆర్ కోడ్ చేసి గుమ్మం దగ్గర అతికిస్తే సరి.

హోస్ట్: రేపు పొద్దున లైబ్రరీ తెరవగానే వికీసోర్స్‌లో ఏం చెయ్యమంటారు?

లైబ్రేరియన్: కొత్త పుస్తకం ఎక్కించొద్దు. ఇప్పటికే ఉన్న ఏదో ఒక సూచిక తెరిచి, పసుపు పుట ఒకటి పట్టుకుని స్కాన్‌తో పోల్చి చదవండి. తప్పు కనబడితే దిద్ది, ఆకుపచ్చ చెయ్యండి. ఎర్ర పుట ఎల్లుండి తీసుకోవచ్చు.