నన్నారి వేరుకి రెండు పేర్లు

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పొదుపు సంఘాల అక్కలు, వెనకాల పీజీ పిల్లలు కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక లైట్లు తీసి స్లైడ్లు వేస్తే సగం మంది నిద్రపోతారని నాకు అనుభవమే, అందుకే స్లైడ్లు తేలేదు, రెండు వేర్లు తెచ్చాను. చేతులు మారుస్తూ చూడండి.

పెన్సిల్ కన్నా సన్నగా, నల్లగా, వంకర్లు తిరిగి ఉన్నది సుగంధిపాల, నన్నారి అనేది దీన్నే. బొటనవేలంత లావున్నది మారేడు గడ్డ, దీంతో పచ్చడి కూడా పెడతారు. మొక్కలు వేరు, కానీ గోటితో గీకి వాసన చూస్తే తేడా పట్టడం కష్టం, ఎందుకంటే రెండిట్లోనూ ఆ ఘుమఘుమకి మూలం ఒకటే పదార్థం, ఐస్‌క్రీమ్‌లో వేసే వెనిలిన్‌కి దగ్గరి చుట్టం. రాయలసీమలో బండి మీద తాగే నన్నారి షర్బత్‌లో ఈ రెండిట్లో ఏదైనా ఉండొచ్చు.

సుగంధిపాల వేరుకి షర్బత్ ఒక పేరు తెచ్చిపెడితే, పాముకాటు ఇంకో పేరు తెచ్చింది. అది ఉత్త పుకారు కాదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆంటొనీ గోమ్స్ బృందం సుగంధిపాల వేరు నుంచి రక్తపింజరి విషాన్ని అడ్డుకునే పదార్థాన్ని వేరు చేసి 1994లో ప్రచురించింది. మైసూరు విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో చింతగింజ మీద ఇలాంటి ఫలితమే చూపించారు. చింతపండు కొట్టి గింజ తీసే అక్కలు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెప్తున్నా, మీరు మూటల్లెక్కన అమ్మేసే ఆ గింజే.

మరి మందు ఎందుకు రాలేదు? పీజీ పిల్లలు ఇది బాగా వినాలి. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో విషాన్నీ వేరు సారాన్నీ ముందే ఒక గొట్టంలో కలిపేసి, కాసేపు ఉంచి, ఆ తర్వాత ఎలుకకి ఎక్కిస్తారు. పొలం గట్టు మీద అలా జరగదు కదా, విషం ముందు ఒంట్లోకి పోతుంది, మనం తాగిన పసరు తీరిగ్గా కడుపులోకి పోతుంది, అక్కడ సగం అరిగిపోతుంది. గొట్టంలో గెలిచింది మనిషిలో గెలుస్తుందని అనుకోవడానికి లేదు.

మా చిన్నాన్న కొడుకుని కట్లపాము కరిచింది. రాత్రి నేల మీద పడుకున్నాడు, కాటు తెలియనే లేదు, తెల్లవారుజామున కడుపునొప్పి అంటే గ్యాస్ అనుకున్నారు. రెప్పలు వాలిపోతుంటే అప్పుడు అనుమానమొచ్చి పక్క ఊరికి తీసుకెళ్లి పసరు పోయించారు, రెండు గంటలు అక్కడే పోయాయి. ఆ తర్వాత ఆసుపత్రి, యాంటీవెనమ్, నాలుగు రోజులు వెంటిలేటర్. బతికాడు. ఇప్పటికీ మా ఊళ్లో క్రెడిట్ పసరుకే! విషంలేని జెర్రిపోతు కరిచినవాళ్లూ, నాగుపాము కరిచినా ఒంట్లోకి విషం ఎక్కనివాళ్లూ పసరు తాగకపోయినా బతికేవాళ్లే, కానీ ఆ లెక్క ఎవరు రాసుకుంటారు? మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా, అంటే ఏడాదికి సగటున సుమారు 58,000. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనమూ ఉన్నాం.

ఇంకోటి, ఈశ్వరి వేరు. దాన్ని కూడా పాము మందని ఇస్తుంటారు. అందులో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది, కిడ్నీలు పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. ఆకుమందే కదా, ఏం కాదులే అనకండి.

ఇప్పుడు అక్కల సంగతి. పోయిన నెల ఒక సంఘం వాళ్లు షర్బత్ బాటిల్ లేబుల్ తెచ్చి చూపించారు, కింద “పాము విషానికి విరుగుడు” అని ఎర్రక్షరాలు. అమ్మకం పెరుగుతుందని ఎవరో సలహా ఇచ్చారట. తీసేయించాను. ఆహార పదార్థం మీద రోగం నయం చేస్తుందని రాయడానికి చట్టం ఒప్పుకోదు, అది పక్కన పెట్టండి, ఎవరైనా ఆ మాట నమ్మి ఆసుపత్రికి పోకుండా మీ బాటిల్ తాగితే?

మా యూనివర్సిటీ మీకు పనికొచ్చేది వేరే చోట. అదే సంఘానికి మే నెలలో బాటిళ్ల మూతలు ఎగిరిపోయాయి, షాపువాడు అన్నీ వెనక్కి పంపాడు. వేరు చెడ్డది అనుకున్నారు. కాదు, పంచదార తగ్గించారు. పాకం పల్చనైతే ఈస్ట్ చేరి పులుస్తుంది, గ్యాస్ పుడుతుంది, మూత లేస్తుంది. ఇదిగో, ఈ చిన్న గొట్టంలాంటిది రిఫ్రాక్టోమీటర్, పాకంలో పంచదార శాతం ఎంతో చూపిస్తుంది. గాజు మీద ఒక్క చుక్క వేసి వెలుతురు వైపు పట్టి చూస్తే లోపల గీత కనిపిస్తుంది, 65 దగ్గరుండాలి. వాళ్లది 48 చూపించింది.

రెండోది, గడ్డ. మారేడు గడ్డ కోసం అడవిలో మొక్కని వేర్లతో సహా తవ్వేస్తున్నారు, మళ్లీ మొలిచేది ఏముంది? నల్లమలలో, శేషాచలంలో అది తగ్గిపోతోంది, అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలోనూ చేరింది. మా నర్సరీలో మొలకలున్నాయి, గట్ల మీద పెంచుకునేవాళ్లు పేర్లు రాయించండి. పీజీ పిల్లలూ, ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదని నా చుట్టూ తిరిగేవాళ్లు కూడా అక్కడికే రండి, ఏ నేలలో గడ్డ ఎన్నేళ్లకి ఊరుతుందో లెక్క రాసేవాళ్లు కావాలి.

సరే, బాటిళ్లు తెచ్చిన అక్కలు వరండాలోకి రండి, ఒక్కొక్కరివి చుక్క వేసి చూద్దాం. మూత మెల్లగా తిప్పండి.